ఫాక్స్‌ప్రోలో వంట వంతు

మేనేజరు ఉమర్ గారు జులై ఆఖరు దాకా గడువిచ్చారు. ఆ నెలంతా డ్రైవర్ల డ్యూటీ చార్టు రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒక వారం మా ఆయన ఖమరుద్దీన్ ఎనిమిదేళ్ళ కిందట ఫాక్స్‌ప్రోలో రాసిన ప్రోగ్రాం నుంచి. మరుసటి వారం మస్కట్ నుంచి వచ్చిన మనిషి విండోస్‌లో రాస్తున్న కొత్త ప్రోగ్రాం నుంచి. "కొత్తది నడిస్తే ఖలాస్. నడవకపోతే పాతదే ఉంటుంది, దాంతో పాటు నువ్వూ ఉంటావు" అని ఉమర్ గారు ఉర్దూలో చెప్పారట. కోపంగా కాదు, టీ ఇప్పించి మరీ చెప్పారట.

అది 1998. మేము మస్కట్‌కు వెయ్యి కిలోమీటర్ల దూరంలో, సలాలాలో ఉండేవాళ్ళం. కంపెనీ ఆ పక్కనే రైసూత్‌లో. నీళ్ళ ట్యాంకర్లు, ఫ్యాక్టరీలకు పనివాళ్ళను చేరవేసే బస్సులు, అరవై నాలుగు మంది డ్రైవర్లు. ఎవరు ఏ రోజు ఏ బండి ఎక్కాలో, ఎవరు ఏ దారిలో పోవాలో ప్రతి బుధవారం ఒక చార్టు గోడకెక్కాలి. ఆ చార్టును కంప్యూటరు చేత వేయించింది మా ఆయన. వీసాలో మాత్రం ఆయన ఉద్యోగం టైపిస్టు అని ఉండేది. ఎనిమిదేళ్ళలో దాన్ని మార్చాలని ఎవరికీ తోచలేదు, ఆయనకు కూడా.

ఆయన ప్రొద్దుటూరులో టైపు నేర్చుకుని వచ్చిన మనిషి. కంప్యూటరు చదువు చదవలేదు. ఫాక్స్‌ప్రో పుస్తకం ఒకటి ఎవరో ఇస్తే, పగలు టైపు కొడుతూ, మధ్యాహ్నం ఆఫీసు మూసిన మూడు గంటల్లో ఆ పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకున్నారు. మామూలు టైపిస్టుకు ఒంటబట్టే పనిముట్టు అది. ఖాళీ తెర మీద రెండు మాటలు టైపు చేస్తే డ్రైవర్ల పేర్లన్నీ బారులు తీరి వచ్చేవి. కొత్త గడి కావాలంటే అప్పటికప్పుడు చేర్చుకోవచ్చు. పొద్దున అనుకున్నది మధ్యాహ్నం అన్నం తినేలోపు తెర మీద నడుస్తూ ఉండేది. ఎవరినీ అడగాల్సిన పని లేదు, దేనికోసమూ కాచుకోవాల్సిన పని లేదు.

నేను 1992లో పెళ్ళై వచ్చాను. ప్రొద్దుటూరు దగ్గరి పల్లెలో పదో తరగతి దాకా తెలుగులో చదువుకున్నదాన్ని. పిల్లలు లేరు. ఆఫీసుకు కొత్త కంప్యూటరు మిషన్లు వచ్చినప్పుడు పాతదొకటి ఇంటికి తెచ్చుకోనిచ్చారు. పగలంతా నేను ఊరికే కూర్చోవడం చూసి మా ఆయన, "జమీలా, ఈ పేర్లు ఎక్కించు" అని ఒక కాగితాల కట్ట ఇచ్చారు. పేర్లు ఎక్కించడంతో మొదలై, రెండేళ్ళకు ఆయన రాసిన ప్రోగ్రాం వరసలు చదవగలిగాను. చదవగలిగినదాన్ని రాయగలిగాను కూడా. అది నా తెలివి అనుకోను. ఆ పనిముట్టు అంత సులువుగా ఉండేది, అంతే.

మా ఇల్లు మేడ మీద. కింద ఆరు గదుల్లో కంపెనీ డ్రైవర్లు ఉండేవారు. గదికి ఆరేడు మంది. మెట్ల పక్కన కిటికీ దగ్గర కూర్చుంటే వాళ్ళ వసారా అంతా కనిపించేది. వాళ్ళు తరచూ పోట్లాడుకునేవారు. ఎందుకు పోట్లాడుకుంటున్నారో ఆఫీసులో ఎవరికీ తెలియదు. చార్టు సరిగా లేదంటారు, బండి బాగాలేదంటారు, ఒంట్లో బాగాలేదని డ్యూటీ ఎగ్గొడతారు. నేను క్యాలెండరు మీద పోట్లాట జరిగిన రోజుకల్లా ఒక చుక్క పెట్టుకుంటూ పోయాను. రెండు నెలలకు నాకు అర్థమైంది. గదిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క రోజు వంట వంతు. ఆ రోజు వంట చేయాల్సినవాణ్ణి చార్టు దూరపు దారికి పంపితే, అతను తిరిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. ఆరుగురూ ఆకలితో కూర్చుని ఉంటారు. పోట్లాట అక్కడ పుడుతుంది. ఖరీఫ్ అనే అక్కడి వానకాలం నెలల్లో మరీ ఎక్కువ. కొండదారి అంతా పొగమంచు, తుంపర. రెండు గంటల దారి నాలుగు గంటలవుతుంది.

ఈ మాట చెబితే మా ఆయన చాలాసేపు నవ్వారు. తరువాత, "నవ్వు కాదు గానీ, నువ్వే రాయి" అన్నారు.

రాశాను. డ్రైవర్ల పట్టికలో ఒక గడి చేర్చాను. వారంలో ఎన్నో రోజు వంతో ఆ అంకె అందులో ఉంటుంది. ఆ రోజు అతను సాయంత్రం నాలుగులోపు తిరిగొచ్చే దారి మాత్రమే చార్టు ఇవ్వాలి. నలభై వరసలు పట్టింది. ఆ గడికీ, ఆ వరసలున్న ఫైలుకూ పేరు J అని మాత్రమే పెట్టాను, ఆఫీసులో ఎవరైనా చూసి నవ్వుతారని. వంతులు మార్చుకున్నప్పుడు డ్రైవర్లు మెట్ల మీద ఉన్న పాలపొడి డబ్బాలో చీటీ వేసి పోయేవారు. నేను అంకె మార్చి, ఫ్లాపీలో ఆయనతో ఆఫీసుకు పంపేదాన్ని. పోట్లాటలు ఆగిపోయాయి. ఎందుకు ఆగిపోయాయో కూడా ఆఫీసులో ఎవరూ అడగలేదు.

ఈలోగా బయట రోజులు మారుతూ వచ్చాయి. మస్కట్ నుంచి వచ్చే ఇంగ్లిష్ పేపర్లో ఉద్యోగాల పేజీ మా ఆయన చదివేవారు. ఉద్యోగం మారాలని కాదు. ఫాక్స్‌ప్రో తెలిసినవాళ్ళు కావాలి అన్న మాట అచ్చులో చూడటం ఆయనకు ఇష్టం. నేను వచ్చిన కొత్తలో ఆ మాట పేజీకి నాలుగైదు చోట్ల ఉండేది. తరువాత ఒక చోట, తరువాత నెలకొకసారి. రైసూత్‌లో ఇంకో ఫ్యాక్టరీలో ఇదే పని చేసే జావెద్ భాయి స్టోర్ కీపరుగా మారిపోయి, తన పుస్తకాలు తెచ్చి మా ఆయనకు ఇచ్చేశారు. పేపరు తెచ్చుకోవడం మా ఆయన ఎప్పుడు మానేశారో నాకు గుర్తు లేదు.

రెండు వేల సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాములన్నీ ఆగిపోతాయని ఉమర్ గారు ఎక్కడో చదివారు. మా ఆయన ఆయనకు మెల్లగా చెప్పారట. ఫైల్లో సంవత్సరం నాలుగంకెలతోనే ఉంది, తెర మీద రెండంకెలు కనిపిస్తాయి, ఒక వరస మారిస్తే చాలు అని. ఉమర్ గారు అంతా విని, "అందరూ మారుస్తున్నారు, ఖమర్" అన్నారట.

అలా జూన్ నెలలో మస్కట్ నుంచి సురేందర్ వచ్చాడు.

నిజామాబాద్ వైపు మనిషి. ముప్పై ఏళ్ళుంటాయి. మెడకు టై ఉండేది గానీ మాట మాత్రం ఇంటి మాటే. మొదటి రోజే మా ఆయన అతన్ని భోజనానికి వెంటబెట్టుకుని వచ్చారు. నాకు చెప్పకుండా తెచ్చారని కోపం వచ్చింది గానీ, ఆయన ముఖం చూసి ఊరుకున్నాను. అంత వెలుగు ఆ ముఖంలో చూసి చాలా రోజులైంది.

"అన్నా, గీ నీలం తెర పొద్దంత సూస్తే కండ్లు పోవా నీకు?" అన్నాడు సురేందర్ అన్నం కలుపుకుంటూ.

"నా కండ్లు బాగానే ఉండాయప్పా. దాన్ని చూసేటోళ్ళే పోయినారు."

"మస్తు జెప్పినవ్. గది కాదు గానీ, రంజాన్ నెల వస్తే డ్యూటీలు దానంతటదే మారుతున్నయ్ గదా, గదెట్ల చేసినవే?"

మా ఆయన చేయి కూడా కడుక్కోకుండా, ఎడమ చేత్తో కాగితం లాక్కుని గీతలు గీయడం మొదలుపెట్టారు. ఎనిమిదేళ్ళలో ఆ ప్రోగ్రాం ఎలా పని చేస్తుందని ఆయన్ను అడిగినవాళ్ళు లేరు. చార్టు వచ్చిందా లేదా అని అడిగేవారు, అంతే. ఇప్పుడొకరు అడుగుతున్నారు. అడిగి, విని, మళ్ళీ అడుగుతున్నారు. పదకొండు రోజులు ఆయన చెబుతూనే ఉన్నారు. ఆఫీసులో చెప్పి, భోజనం దగ్గర చెప్పి, వీధి మలుపు దాకా సాగనంపుతూ చెప్పి. ఎక్కడ తప్పు చేశారో, ఎలా సరిచేశారో, ఏ వరస ఎందుకు రాశారో. నేను వడ్డిస్తూ వినేదాన్ని. ఆయన చెప్పే ఒక్కొక్క మాటకు మేము ఇక్కడ ఉండే రోజులు ఒక్కొక్కటి తరిగిపోతున్నట్టు అనిపించేది.

పన్నెండో రోజు ఆయన్ను ఆపాను.

"అజీ, ఇంట్లో ఉండేదంతా తీసి వాని చేతిలో పెట్టేస్తాండారు. ఇంక మీతో వాళ్ళకు ఏం పని?"

"వాడు అడుగుతాండాడు జమీలా. బాగా అడుగుతాండాడు."

"బాగా అడిగితే? రేపు ప్రొద్దుటూరుకు పోయి ఎవరికి చెప్తారు ఇదంతా? నలభై నాలుగేండ్ల టైపిస్టును ఎవరు పెట్టుకుంటారు?"

ఆయన లేచి ఫ్యాను వేగం పెంచారు.

"J ఒక్కటి చెప్పొద్దు. నేను రాసింది గదా, నాకోసం దాచిపెట్టండి" అన్నాను.

"సరే" అన్నారు. "దాని సంగతి చెప్పను."

మాట మీద నిలబడ్డారు. సురేందర్ ఆ గడి గురించి రెండుసార్లు అడిగాడట. "పాత సంగతి, వదిలెయ్యప్పా" అన్నారట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. మంచి ప్రశ్నకు జవాబు చెప్పకపోవడం ఆయనకు అబద్ధమాడినట్టే ఉండేది.

జులై మొదటి వారం కొత్త ప్రోగ్రాం చార్టు గోడకెక్కింది. రంగుల్లో అచ్చయింది. పేర్లు గడుల్లో ముచ్చటగా ఉన్నాయి. ఉమర్ గారు దాని ముందు నిలబడి చాలాసేపు చూశారట. మంగళవారానికల్లా నలుగురు ఒంట్లో బాగాలేదన్నారు, ఇద్దరు బండ్లు చెడిపోయాయన్నారు. కింద వసారాలో మళ్ళీ అరుపులు మొదలయ్యాయి.

భూమయ్య అని ట్యాంకరు డ్రైవరు. జగిత్యాల దగ్గరివాడు. మెట్లెక్కి వచ్చి కిటికీ ముందు నిలబడ్డాడు.

"వదినె, గా రంగుల కాయితం మంచిగనే ఉన్నది. ఇంటికి తీస్కపోయి గోడకు అంటిస్త. గని నా వంతు దినమే నన్ను గుట్టెక్కిచ్చింది. నేనొచ్చే వరకు ఆరుగురు గుడ్లురిమి కూసున్నరు."

"ఆఫీసులో చెప్పలేదా అన్నా?"

"ఏమని జెప్పాలె? చారు పెట్టేది ఉన్నది, డ్యూటీకి రానని జెప్పాలెనా? నవ్వరా? బ్రేకు పడతలేదని జెప్పిన. గా మెకానిక్ సాలాగాడు బండి మొత్తం ఇప్పిపెట్టిండు. ఇగ గది బిగించేదాక నేనే నట్లు పట్టుకోని నిలబడ్డ."

నవ్వు వచ్చింది. ఆ నవ్వు వెంటే ఆశ కూడా వచ్చింది. మా వారం వచ్చినప్పుడు అంతా సద్దుమణిగింది. కొత్తదాని వారం మళ్ళీ గొడవ. మూడో వారం ముగిసేసరికి ఉమర్ గారు మా ఆయన బల్ల దగ్గర ఆగి, "నీ పాత గాడిదే నడుస్తోంది" అన్నారట. సురేందర్ ముఖం పీక్కుపోయింది. డ్రైవర్ల దగ్గరకు పోయి అడిగాడు గానీ, టై కట్టుకుని అడిగినవాడికి ఎవరు చెబుతారు? బ్రేకులు, తలనొప్పులు తప్ప ఏమీ దొరకలేదు. ఇంకో పది రోజులు గడిస్తే చాలు. ఆ వారం మా ఆయన సంతోషంగా ఉంటారనుకున్నాను. ఆయన అన్నం సరిగా తినలేదు. "పాపం, వాడు వేరే చోట వెతుకుతాండాడు" అన్నారు ఒకసారి.

జులై ఇరవై ఆరున, పదకొండు గంటల వేళ, సురేందర్ ఒక్కడే వచ్చాడు. మా ఆయన ఇచ్చిన పుస్తకం తిరిగి ఇవ్వడానికి. బయట సన్నగా తుంపర పడుతోంది. తలుపు తీసే ఉంచి, లోపల కూర్చోమని టీ పెట్టాను. అతను కప్పు ముట్టుకోలేదు. చేతిలో ఒక అచ్చు కాగితం ఉంది. నా నలభై వరసలు.

"వదినె, ఒకటి అడుగుత. ఏమనుకోకురి."

"అడుగు తమ్ముడూ."

"అన్న రాసినయి వేల వరసలు సదివిన. అన్న రాసే తీరు నాకు ఎరుకే. గివి అన్న రాసినయి కావు. అన్న ఒక్క తాన అయ్యేదాన్ని నాలుగు తాన్ల రాస్తడు. గిండ్ల ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. ఎవలు రాసిన్రు గివి?"

ఏమీ తెలియనట్టు ఉండొచ్చు. కంపెనీలో ఎవరో ఉండేవారు, వెళ్ళిపోయారు అనొచ్చు. ఆ మాటలు సిద్ధంగానే ఉన్నాయి. వాటిని వెనక్కి నెట్టి, ఇంకో మాట బయటికి వచ్చింది.

"నేనే."

అతను నా వైపు చూశాడు. నవ్వలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని, "ఎట్ల తోచింది వదినె మీకు?" అన్నాడు.

అంతే. నా జీవితంలో నన్ను ఎవరూ అలా అడగలేదు. బళ్ళో కూడా అడగలేదు. నేను క్యాలెండరు మీద చుక్కల దగ్గర మొదలుపెట్టాను. వంట వంతు గురించి చెప్పాను. నాలుగు గంటలు అని ఎందుకు పెట్టానో, అయిదు ఎందుకు కాదో చెప్పాను. మిషను ఆన్ చేసి, పట్టిక తెరిచి చూపించాను. ఇద్దరు వంతులు మార్చుకుంటే మొదట్లో ఎక్కడ చిక్కుపడిందో, ఆ చిక్కును ఎలా విప్పానో చూపించాను. మధ్యలో ఒకసారి, చెప్పకూడదన్న సంగతి గుర్తుకు రాకపోలేదు. వచ్చింది. అది గుర్తున్నప్పుడే తరువాతి వరస కూడా వివరించాను. అతను రాసుకుంటూ పోయాడు. మంచి చోట ఆపి మంచి ప్రశ్న అడిగేవాడు. గంట దాటిపోయింది.

లేచేటప్పుడు అతని ముఖంలో సంతోషం లేదు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "మంచిగ రాసిన్రు వదినె" అన్నాడు నేలచూపులు చూస్తూ. "నాకు గిది మొదటి పని. గిది పోతే నన్ను గూడ పంపుతరు." మెట్లు గబగబా దిగిపోయాడు.

మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చారు. పళ్ళెం పెట్టక ముందే చెప్పేశాను. తిడతారనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. ఆయన టేబుల్ గుడ్డ అంచు సరిచేశారు.

"వానికి అర్థమైనాదా?" అన్నారు.

"అయినాది."

"నాలుగు గంటల సంగతి అడిగినాడా?"

"అడిగినాడు. చిక్కు సంగతి కూడా అడిగినాడు."

"అడుగుతాడు వాడు" అన్నారు. "అన్నం పెట్టు."

ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజుదాకా, చెప్పుకోకుండా ఉండలేకపోవడం ఆయన బలహీనత అనుకుంటూ వచ్చాను. ఇద్దరిలో నేనొక్కదాన్నయినా గట్టిదాన్నని అనుకున్నాను.

ఆఖరి వారం కొత్త చార్టు ఏ గొడవా లేకుండా నడిచింది. భూమయ్య మెట్లెక్కి వచ్చి, "వదినె, గా రంగుల కాయితం బాగుపడ్డది!" అని సంతోషంగా చెప్పిపోయాడు.

ఆగస్టు రెండో వారంలో వీసా రద్దు చేయించడానికి ఇద్దరం రైసూత్ ఆఫీసుకు వెళ్ళాం. నా సంతకం కూడా కావాలన్నారు. అప్పటికి మా ఆయన బల్ల మీద కొత్త మిషను వచ్చేసింది. ఉమర్ గారు మమ్మల్ని కూర్చోబెట్టి, ఒక కాగితం ముందుకు జరిపారు. అప్పగింతల జాబితా. పాత ప్రోగ్రాం ఫైళ్ళ పేర్లు, అవి దేనికో, ఎవరు రాశారో. నలభై ఒక్క ఫైళ్ళు. అన్నిటి ఎదురుగా ఖమరుద్దీన్ అని ఉంది. రేపు చెత్తలో వేసేవాటికి జాబితా ఎందుకో నాకు అర్థం కాలేదు. కంపెనీ పద్ధతి అన్నారు. చివర సంతకం పెడితే చాలు.

మా ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మొదటి నుంచి చదివారు. ఒక్కొక్క పేరు దగ్గర కలం ఆన్చుతూ చదివారు. ఉమర్ గారు గడియారం చూసుకున్నారు.

"ఒకటి తప్పిపోయింది, సార్" అన్నారు మా ఆయన.

చివరి వరస కింద J ఫైలు పేరు ఇంగ్లిష్‌లో రాశారు. దేనికి అన్న చోట డ్యూటీ, వంట అని రాశారు. ఎవరు రాశారు అన్న చోట జమీలా అని రాశారు. టైపు మనిషి అయినా ఆయన చేతిరాత ఎప్పుడూ బాగుండదు. ఆ పేరు మాత్రం అక్షరం అక్షరం విడిగా, నెమ్మదిగా రాశారు.

ఉమర్ గారు కాగితం తిప్పుకుని చూశారు. "జమీలా ఎవరు? మన దగ్గర ఈ పేరు లేదే."

"మా ఇంటావిడ" అన్నారు మా ఆయన, నా వైపు చూపించి.

ఉమర్ గారు నాకు మర్యాదగా తల వంచారు. తరువాత మా ఆయనతో, నొప్పించకూడదన్నట్టు గొంతు తగ్గించి, "కంపెనీ కాగితం మీద కంపెనీలో లేనివాళ్ళ పేరు ఉండకూడదు, ఖమర్" అన్నారు. కొట్టేయమన్నట్టు తన కలం ఆయనకు అందించారు. మా ఆయన తీసుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కాసేపు చూసి ఉమర్ గారే ఆ పేరు మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన ఖమరుద్దీన్ అని రాశారు.

మా ఆయన ఆ గీత వైపు చూశారు. కింద సంతకం పెట్టారు. కంపెనీ దగ్గర ఉంచుకున్న మా పాస్‌పోర్టులు రెండూ బల్ల మీదికి వచ్చాయి. ఉమర్ గారు నాది తెరిచి, లోపల ఫోటో నాదేనా అని చూసుకుని నాకిచ్చారు.